కుడి వరస

అక్టోబరు రెండో శనివారం.
మిరమిషి నది మీద మంచు ఇంకా లేవలేదు.
షెడ్డు ముందు కొయ్య దిమ్మల మీద
మేపుల్ దుంగ ఎక్కించి
జానెడుకొక సుద్దగీత గీశాడు అల్ఫే.
"మొదలు లావు, కొస సన్నం.
కొసను కోసి గెలిచానంటే ఒప్పుకోను," అన్నాడు ఫెర్గస్.
సరేనని చీట్లు వేశాం,
ఏ రంపానికి ఏ గీతో.

మూడు మోటారు రంపాలు.
పేర్లెందుకు, రంగులు చాలు.
పసుపుది అల్ఫే వాళ్ళ నాన్నది,
ఎత్తితే దూడంత బరువు.
ఎర్రది ఫెర్గస్‌ది. దాని మీద ఈగ వాలనివ్వడు.
నారింజది వయసులో అన్నిటికన్నా చిన్న,
అంటే నలభై దాటి చాలా ఏళ్ళే అయింది.
దాని పిడికీ ఇంజనుకీ నడుమ
నాలుగు రబ్బరు ముక్కలు.
"చెప్పులేసుకున్న రంపం" అని ఫెర్గస్ వెక్కిరింత.

గొలుసులు ఒకే రకం.
పళ్ళకు పదును పెట్టిన ఆకురాయి ఒకటే.
కోసే చెయ్యి కూడా ఒకటే ఉండాలని
మూడూ అల్ఫేయే కోస్తానన్నాడు.
స్టాప్‌వాచీ నాది,
బడిలో పిల్లల పరుగు పందేలకు వాడేది.
కోతకూ కోతకూ మధ్య అరగంట విరామం.
చల్లారాల్సింది ఇంజను అనుకున్నాను.

పసుపుది ఏడోసారి తాడు లాగితే గానీ లేవలేదు.
లేచాక మాత్రం
ఎంత అదిమినా ఆగని ముసలి ఎద్దు.
పొట్టు కాదు, అటుకులంత పేళ్ళు రాల్చింది.
నలభై మూడు సెకన్లు.

ఎర్రది పిలవగానే పలికింది.
ఆ అరుపుకు నది అవతల కాకులు లేచాయి.
చేవ దగ్గర ఒక్కసారి గొంతు పట్టేసింది;
అల్ఫే కాస్త ఎత్తి, మళ్ళీ దించాడు.
ఇరవై ఒకటి.

నారింజది పదిహేడున్నర.
ఫెర్గస్ నా చేతిలోంచి వాచీ లాక్కుని
చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు,
అది అబద్ధమాడుతున్నట్టు.

ఇదంతా నా నోటుబుక్కులో ఎడమ వరస.
కుడి వరస సంగతి ఇంకా చెప్పలేదు.

కోత అవగానే ప్రతిసారీ
రంపం కింద పెట్టి, తొడుగులు తీసి,
చొక్కా ఎడమ చేతి గుండీ విప్పి
"ఇప్పుడు నొక్కు," అనేవాడు అల్ఫే.
కుడి చేత్తో ఆ గుండీ మళ్ళీ పెట్టుకునేదాకా
వాచీ నడవాలి.

పసుపుది: రెండు నిమిషాల పది.
నారింజది: ముప్ఫై ఒకటి.
ఎర్రదాని తర్వాత
వేలికొసలు కొవ్వొత్తుల్లా పాలిపోయాయి.
గుండీ దొరికేది, జారేది,
దొరికినట్టు వేళ్ళకే తెలిసేది కాదు.
మూడో నిమిషంలో ఫెర్గస్ నది వైపు తిరిగాడు.
ఆరో నిమిషంలో నేనే ఆపేశాను.
"రాయి," అన్నాడు అల్ఫే. "ఆరు దాటిందని రాయి."

ముప్ఫై ఒక్క చలికాలాలు అడవిలో.
ఎన్ని దుంగలు పడ్డాయో కంపెనీ రాసుకునేది,
దానికే కూలి.
కుడి వరసకు వాళ్ళ దగ్గర కాగితం లేదు.

కాఫీ తెచ్చింది ఓజీత్.
నోటుబుక్కు తిరగేసి
కుడి వైపు అంకెలు రెండుసార్లు చదివింది.
మాట్లాడకుండా వంగి
అతని గుండీ పెట్టింది,
అయిదింటికి దీపం వెలుతుర్లో
ఏళ్ళ తరబడి పెట్టిన చేత్తో.
"దీన్ని కూడా లెక్కేశావా?" అంది నాతో.
వాచీ నొక్కడం మర్చిపోయాను.

ఎండెక్కింది.
ఎర్రదాన్ని పాత కంబళిలో చుట్టి
ట్రక్కులో పెట్టుకున్నాడు ఫెర్గస్.
"పిలవగానే పలుకుతుంది కదా.
దాన్ని మించింది లేదు," అన్నాడు ఎవరితోనో.
తలుపు వేసుకోబోతూ చెయ్యి ఎత్తాడు, వస్తానని.
అప్పుడు చూశాను.
అతని చొక్కా చేతులకు గుండీల్లేవు.
మణికట్టుకొకటి చొప్పున
రెండు రబ్బరు బ్యాండ్లు.