గుర్తు తెలియని నూట ఎనభై గ్రాములు

రాజేంద్రనగర్‌లో మా షెడ్డు.
మెహిదీపట్నం నుంచి మొదటి బస్సులో నేను వచ్చేసరికి
రాత్రి లెక్కంతా తెర మీద నా కోసం కూర్చుని ఉంటుంది.

ఇరవై మూడు దక్కనీ గొర్రెలు. ఒకటే దొడ్డి.
నాలుగు తొట్లు, ఒక్కో తొట్టికి నాలుగు తూకపు కాళ్ళు,
మెడ పట్టేంత ఇనుప సందు,
సందు పైన యంత్రానికి ఒక చెవి.
గొర్రె చెవికున్న పసుపు బిళ్ళ చెప్పే నంబరు
అది వింటుంది.
వినపడితేనే తలుపు దిగుతుంది.
ఎవరొచ్చారు, ఎన్ని గ్రాములు తగ్గింది,
తల వెనక్కి తీసేలోపు రాసేస్తుంది.

ఇదివరకు ఒక్కోదాన్ని ఒక్కో బోనులో కట్టేవాళ్ళం.
పొద్దున పోసింది, సాయంత్రం మిగిలింది, తీసివేత.
మంద నుంచి విడదీసిన గొర్రె
దాణా వంక కన్నా గోడ వంక ఎక్కువ చూసేది.
ఆ చూపుకి మా పట్టికలో గడి లేదు.

ఇప్పుడు మంద మందగానే తింటోంది,
గుట్లన్నీ బయటపడుతున్నాయి.
పన్నెండో నంబరు మహా పిరికిది,
పగలంతా తొట్టి ఛాయలకు రాదు, చిక్కిపోతుందనుకున్నాం.
రాత్రి రెండూ నలభైకి, అన్నీ నెమరేస్తుంటే,
ఒక్కతే వచ్చి ఆరువందల గ్రాములు లాగించి పోతోంది.
ఏడో నంబరు రోజుకు డెబ్బైసార్లు తల దూరుస్తుంది,
తినేది పిడికెడు, పక్కదాన్ని పొడిచేది బోలెడు.
మా హాస్టల్ మెస్సులోనూ వేలిముద్ర పడితేనే పళ్ళెం.
ఎవరెంత వదిలేశారో మాత్రం
చేతులు కడిగే చోటున్న బకెట్టుకే తెలుసు.

మూడో వారంలో వచ్చిందీ వరుస:
తెల్లవారుజాము నాలుగూ పది. రెండో తొట్టి.
నూట ఎనభై గ్రాములు.
గుర్తు: లేదు.
మర్నాడూ నాలుగూ పది. నూట డెబ్బై ఐదు.
ఆ మర్నాడూ.

ఎలుక అంత తినదు. గోరింక చీకట్లో రాదు.
బాలానగర్ నుంచి కంపెనీ కుర్రాడు బండి మీద వచ్చి
తూకపు కాళ్ళన్నీ విప్పి తుడిచి, ఐదు కిలోల గుండు పెట్టి చూసి,
"మిషన్ బరాబ్బర్ ఉంది మేడం" అని
చాయ్ తాగి వెళ్ళిపోయాడు.
ఆ వరుసలు కొట్టెయ్, సగటు పాడవుతుంది, అన్నారు సార్.

కొట్టెయ్యలేదు. ఆ రాత్రి దాణా సంచుల మీద కూర్చున్నాను.
శంషాబాద్‌లో దిగబోయే విమానాలకి
పైన రేకులు సన్నగా వణికేవి.
నాలుగూ పదికి బీరయ్య లేచాడు,
గొంగడి దులిపాడు,
పోసే వైపు నుంచి తొట్టిలో చెయ్యి పెట్టి
రెండు పిడికిళ్ళు తీసి,
ఒక పలుకు నోట్లో వేసుకుని కొరికి చూసి
మూల చీకట్లోకి నడిచాడు.

అక్కడ పందొమ్మిదో నంబరు.
కంచెకు చిక్కి చెవి చీలి
బిళ్ళ ఎక్కడ ఊడిపడిందో ఎవరం చూడలేదు.
తొమ్మిది రోజులుగా దానికి ఏ తలుపూ దిగలేదు,
ఎండుగడ్డి నములుతూ నిలబడింది.
పట్టికలో దాని సున్నాలకి
సిగ్నల్ లోపం అని బూడిదరంగు పూసింది నేనే.

"చెప్తె జీతం కోస్తరనుకున్న," అన్నాడు బీరయ్య.
"మొన్న దీని డొక్కల నాలుగు వేళ్ళు దిగినయి.
ఇయ్యాల రెండే. నువ్వు పెట్టి సూడు."
పెట్టాను.
ఉన్ని కింద వెచ్చగా, మెల్లగా
ఏదో ఒక పక్కకి ఒత్తిగిలింది.
రెండే.

పొద్దున అతని పిడికిళ్ళు పదిసార్లు తూచాను.
తేడా ఏడు గ్రాములు దాటలేదు.

రెండో చెవికి కొత్త బిళ్ళ వేశాం.
తలుపు దిగిన చప్పుడుకి మొదట బెదిరి,
తర్వాత తొమ్మిదివందల గ్రాములు తింది.
ఆ సున్నాల పక్కన నా తప్పు నేనే రాశాను.

ఇప్పటికీ నాలుగూ పదికి ఒక వరుస వస్తుంది.
గుర్తు: లేదు. రెండు గ్రాములు.
దాణా ముక్కిందేమోనని
నాలుకతో చూస్తున్నాడు.
సార్ ఇంకా కొట్టెయ్యమంటూనే ఉన్నారు.