సగం గుమ్మం

కాలు జారితే తీసుకోవచ్చట,
నోరు జారితే తీసుకోలేమట.
వేలు జారితే ఏమవుతుందో
సామెత కట్టినవాళ్ళకి తెలీదు.
నాకు తెలుసు. నా కూడు అదే.

తిబిలిసి స్టేషన్ కూడలిలో, నేల కింది దారిలో,
సాక్సులమ్మే ముసలాయనకీ
తాళాలు చేసే కుర్రాడికీ మధ్య
మూడడుగుల కొట్టు నాది.
పైన మంచు కరిగితే
ముందు నా బల్ల మీదే కారుతుంది.

మంగళవారం లమారా వచ్చింది.
మెట్రోలో కదిలే మెట్ల అడుగున
గాజుగదిలో కూర్చుని
రోజంతా జనం పైకి పోవడం చూసే ఉద్యోగం.
జ్వరమొచ్చిన పసిదాన్ని దించినట్టు
ఫోన్ బల్ల మీద దించింది.

"చోటు లేదంది. పనికిరానివి తీసేద్దామనుకున్నా.
అన్నీ అని ఉన్నచోట నొక్కాను.
నిజంగానేనా అని కూడా అడిగింది పాపం.
ఔనన్నా."

"ఆ తర్వాత ఏమైనా ఫోటో తీశారా?"
"ఒక్కటే. ఖాళీ అయిపోయిన తెరని.
మీకు చూపిద్దామని."

తుడవడమంటే తుడవడం కాదు.
తలుపు మీది పేరు పలక పీకేయడం.
మనిషి లోపలే ఉంటాడు,
కొత్తగా ఎవరో అద్దెకి దిగేదాకా.
పాతది దక్కాలంటే
కొత్తదేదీ జరక్కూడదు.
ఈ మాట చెప్పిన ప్రతిసారీ
ఎదుటివాళ్ళు ఫోన్ వైపు కాక ఎటో చూస్తారు.

కార్డు తీసి యంత్రానికి పెట్టాను.
నలభై నిమిషాలు.
చిక్కుడుగింజల రొట్టె విరిచి
నాకు సగం ఇచ్చింది.

ఒక్కొక్కటే తేలాయి, పేర్లు లేకుండా, తేదీలు లేకుండా.
కరెంటు మీటరు అంకెలు. మందుల చీటీ.
బొటనవేలు. మళ్ళీ బొటనవేలు.
ఒక వీధికుక్క, నాలుగుసార్లు.
కోటు జేబులో ఫోను
తనంతట తాను తీసుకున్న చీకటి.

తర్వాత చారల చొక్కా మనిషి,
పుచ్చకాయ కోస్తూ నవ్వుతున్నాడు.
ఆమె తెరకి చెయ్యి అడ్డం పెట్టింది.
"ఇతన్ని నేనే తీసేశాను. పొరపాటున కాదు.
ఒక్కొక్కటీ చూసి మరీ."
వేలు జారిందో, మనసు విరిగిందో
నా యంత్రానికి తెలీదు.
లోపల ఉన్నవాళ్ళందర్నీ లేపుకొస్తుంది.

"పదండి ముందుకి" అంది.
మూడు బొమ్మలు దాటాక
"ఆ పుచ్చకాయది, ఒక్కసారి వెనక్కి."
చూసింది.
"ఆ కత్తి మాది" అంది.
ముందుకి పోయాం.

వెయ్యీ మూడొందల చిల్లరలో ఆమెకి కావలసింది ఒక్కటే.
చియాతురాలో అమ్మేసిన ఫ్లాటు, వంటగది గుమ్మం.
కొన్నవాళ్ళు రంగెయ్యడానికి ముందురోజు తీసింది.
ముగ్గురు పిల్లల పొడుగులు, పెన్సిలు గీతలు,
పక్కన తండ్రి కోడిగీతల రాత.

వచ్చింది.
సగం.

పైసగం నిన్న తీసినంత స్పష్టం.
నుగ్జార్, పదిహేడేళ్ళు.
గోచా, పదహారు, అన్న కంటే వేలెడు ఎక్కువ,
ఆ గీత మరీ గట్టిగా గీసి ఉంది.
లమారా, పద్నాలుగు.
అక్కడి నుంచి కిందికి బూడిద రంగు.
ఎవరో అద్దెకి దిగారు.
బహుశా ఆ ఒక్క ఫోటోయే,
ఖాళీని చూపించడానికి తీసింది.
నేనా మాట అనలేదు.

"సగం డబ్బులే ఇవ్వండి" అన్నాను.
వినలేదు. లేచి నిలబడింది.
"గోచాది ఇక్కడుండేది, తట్టు పోసిన ఏడు"
అని నా బల్ల అంచు ముట్టుకుంది.
"నాది ఇదిగో, ఇక్కడ."
మోకాలికి కొంచెం పైన
గాలిలో అరచెయ్యి బోర్లా ఆగిపోయింది.
రైలు దిగిన జనం
ఆ చేతిని తప్పుకుని నడుస్తున్నారు.

సాక్సుల ముసలాయన అది చూసి
తన అట్టపెట్టె వెతుకుతూ అడిగాడు,
"ఎన్నేళ్ళ పిల్లకమ్మా?"