కోతకు ముందు గంట

నరీన్‌లో అక్టోబరు నుంచే మంచు.
ఆసుపత్రి కిటికీ మీద, లోపలి వైపు కూడా,
గోటితో పేరు రాసుకోవచ్చు.
నా పేరు బెర్మెత్. ఆపరేషన్ గదిలో నర్సుని.
పంతొమ్మిదేళ్లుగా నేను చూసుకునేది కత్తిని కాదు,
గడియారాన్ని.

ఈ రోజు బల్ల మీద అసిల్కాన్.
పిత్తాశయంలో రాళ్లు. స్కానింగులో
శనగల్లా పదకొండు లెక్కపెట్టారు.
ఎండాకాలమంతా కొండమీద గొర్రెలు కాసిన మనిషి,
ఎంత కడిగినా చేతుల్ని వదలని ఉన్ని వాసన.
"కోసేది కడుపు కదా, సూది చేతికెందుకు?" అంది.

చెప్పాను:
నీ చర్మం మీద ఎప్పటినుంచో కాపురముంటున్నవాళ్లున్నారు,
కంటికి కనపడరు, అద్దె కట్టరు.
తలుపు మూసి ఉన్నంతకాలం మంచివాళ్లే.
మేం తలుపు తెరుస్తాం.
తెరిచే వేళకి లోపల, నెత్తురులో,
కాపలా నిలబడి ఉండాలి.

ఆమె కాసేపు ఆలోచించి
"మందకి కుక్క" అంది.
అంతే. ఆ మాటకి మా పుస్తకంలో రెండు పేజీలు పట్టింది.

మత్తు డాక్టరు ఎల్దియార్ కుర్రాడు, తొందర.
ఎనిమిదింటికే సిరంజి పట్టుకుని నిలబడ్డాడు.
సర్జన్ కారేమో కనుమ దగ్గర మంచులో ఉంది.
"ఇచ్చేస్తే ఓ పని అయిపోతుందిగా అక్కా?"
అవదు నాయనా.
సాయంత్రమే మొరిగి మొరిగి అలిసిన కుక్క
తోడేలొచ్చే వేళకి కునుకు తీస్తుంది.
కోతకు ముందు గంటలోపు.
నాకు ఆ గంట మోగేది కొళాయి దగ్గర,
సర్జన్ చేతుల మీద నీళ్లు పడ్డప్పుడు.

ఆలస్యమైతే ఏమవుతుందో నన్నడక్కు, అన్నాను.
అడిగాడు.

జిపార్‌కుల్ అని ఒకావిడ. ఏ సంవత్సరమో చెప్పను.
కోత పది పదిహేనుకి. మందు పది నలభైకి.
కాగితం మీద రెండూ నా చేతిరాతే.
దొంగలు పడ్డ ఆరునెలలకి కుక్కలు మొరిగాయంటారే,
ఇక్కడ ఇరవై ఐదు నిమిషాలే. అయినా ఆరునెలలే.
ఆరోరోజు కట్టు విప్పితే
కుట్ల మధ్య ఎర్రగా, వేడిగా, కొత్తగా తెరుచుకున్న నోరు.
దాన్ని రోజూ కడిగాం, నలభై మూడు రోజులు.
మందు ముందే పడి ఉంటే రాకపోయేదా?
తెలీదు. ఎవరికీ తెలీదు.
ఆ తెలియకపోవడమే రాత్రుళ్లు నాతో ఇంటికొస్తుంది,
గుమ్మంలో బూట్లు విప్పుకుంటుంది,
టీ దగ్గర నా ఎదురుగా కూర్చుంటుంది.

తొమ్మిదీ ఇరవైకి సర్జన్. కొళాయి తిరిగింది.
సెఫజోలిన్ రెండు గ్రాములు,
తొమ్మిదీ ఇరవై నాలుగు అని రాశాను.
కోత, తొమ్మిదీ యాభై.
మధ్యలో ఏమీ జరగలేదు.
జరగకుండా ఉండటానికే కదా ఆ ఇరవయ్యారు నిమిషాలు.

సాయంత్రం అల్లుడొచ్చాడు, జానిష్.
పొట్టేలుని అమ్మి ఏడు రోజుల మందు కొనుక్కొచ్చాడు.
"ఒక్క సూదితో సరిపెట్టారా?
డబ్బున్నవాళ్లకైతే ఎన్నిస్తారు?"
కోపం రాలేదు. సిగ్గేసింది, ఎందుకో.
ఒక పొట్టేలుని అరచేతిలో పట్టుకొచ్చిన మనిషికి
వద్దని ఎలా చెప్పడం?
కాపలా పనైపోయింది, అన్నాను.
ఊరికే రోజూ మొరిగితే
తోడేళ్లకి ఆ మొరుగుడు అలవాటైపోతుంది.
నమ్మలేదు.
పెట్టెని కోటు జేబులో తోసుకుని
రాత్రంతా బెంచీ మీదే ఉన్నాడు.

ఆరోరోజు. కట్టు నేనే విప్పాను,
ఊపిరి బిగబట్టడం ఎవరికీ కనపడకుండా.
ఎర్రదనం లేదు. చీము లేదు. జ్వరం లేదు.
మా ఉద్యోగంలో శుభవార్తలన్నీ "లేదు" అనే వస్తాయి.
అసిల్కాన్ నవ్వబోయి, కడుపు పట్టుకుని,
మళ్లీ నవ్వింది.

మెట్ల దగ్గర అల్లుడు ఆగాడు.
జేబులోంచి పెట్టె సగం పైకి తీసి, మెల్లగా,
"గొర్రెలకి పనికొస్తుందా ఇది?"

గొర్రెలకీ వద్దన్నాను.