చెల్లని పేరు

ఔలు పట్టణం, మూడో అంతస్తు,
మధ్యాహ్నం రెండింటికే చీకటి.
ఇర్మెలి ఉద్యోగం చిత్రమైనది.
ఏదో ఒకటి చెడితే తప్ప
ఆమె రాసింది ఎవరూ చదవరు.

"చెల్లని విలువ. మళ్ళీ ప్రయత్నించండి."
ఈ వాక్యం ఆమె రాకముందు నుంచీ ఉంది.
ఎవరు రాశారో తెలీదు,
తలుపు మూసేస్తూ అన్నట్టుంటుంది.
ఎర్ర అక్షరాలు.
ఏది చెల్లదో చెప్పదు,
ఏం ప్రయత్నించాలో చెప్పదు,
కాసు బల్ల మీదికి విసిరేసే కొట్టువాడిలా
మొహమైనా చూడదు.

ఆ రోజు ఉత్స్యోకి నుంచి ఫోను.
పక్క బల్ల నాదే, నేనూ విన్నాను.
డెబ్బై నాలుగేళ్ళ గొంతు, వెనకాల కుక్క, కెటిల్ ఈల.
తోడేళ్ళు పదకొండు రెయిన్‌డీర్లను చంపేశాయి.
పరిహారం ఫారం నింపుతున్నాడు, ఒక్క వేలితో,
ఒక్కోదాని చెవికోత గుర్తు, దొరికిన చోటు,
ఆ చోట మంచు ఎంత లోతో అది కూడా
(ఎవరూ అడగలేదు, ఆయనే రాశాడు).
చివర పేరు రాసి నొక్కితే
ఎరుపు.
రాసిందంతా తుడిచిపెట్టుకుపోయింది.
నాలుగుసార్లు.

"నా పేరు చెల్లదంటోందమ్మా మీ యంత్రం."
గొంతులో కోపం లేదు, అదే మరీ కష్టం.
"బడిలో మాట్టి అన్నారు. సైన్యంలో మాట్టి అన్నారు.
మా అమ్మ పెట్టింది మాహ్తె.
ఈసారి అలాగే రాద్దామనుకున్నా.
మాట్టి అని రాయమంటావా, రాసేస్తాను.
చచ్చినవి ఎలాగూ చచ్చాయి."

సామీ భాషలో ఆ పేరు రాస్తే
ఒక అక్షరం నెత్తిన వాలుగా చిన్న గీత,
మన దీర్ఘంలాంటిదే అనుకోండి.
దీర్ఘం తీసేస్తే కాలం కలమైపోతుంది.
యంత్రానికి మాత్రం అది
తెర మీద పడిన నలుసు.

ఆ సాయంత్రం ఇర్మెలి ఇంటికి పోలేదు.
పెన్సిల్‌తో రాసింది, కొట్టేసింది.
"మీ పేరులో తప్పు ఉంది." ఛీ.
"ఈ పేరును గుర్తించలేకపోయాం." శవాల గదిలో అనే మాట.
"అయ్యో! ఏదో జరిగింది!"
ఆశ్చర్యార్థకాలు చూసి తనే తల పట్టుకుంది,
పరామర్శకు పోయి బూర ఊదినట్టుందని.
రాత్రి తొమ్మిదికి నాకు చూపించింది:

"మీ పేరులోని ఒక అక్షరం మా యంత్రానికి ఇంకా రాదు.
తప్పు మాది. మీరు రాసిందంతా భద్రంగా ఉంది.
పేరు మార్చకండి. ఈ నంబరుకు ఫోన్ చేయండి,
మేం రాసుకుంటాం."

పొడుగెక్కువ, తెరలో పట్టదు అన్నాడు టోర్స్టి.
"తప్పు మాది" ససేమిరా కుదరదంది న్యాయవాది.
ముప్పావుగంట బేరం.
"తప్పు మీది కాదు" దగ్గర తెగింది.
మాదీ కాక, మీదీ కాక
ఆ తప్పు ఎక్కడ నిలబడిందో,
బయట మంచులోనేమో.

కానీ "భద్రంగా ఉంది" అని ఒకసారి అన్నాక
అది నిజం కావాలి గదా.
రాసింది తుడిచిపోకుండా ఉంచడానికి
మా ఇద్దరికీ పన్నెండు రోజులు పట్టింది.
మాట ముందిచ్చి
దాని వెనకాల ఇల్లు కట్టినట్టు.

మార్చిలో ఆ గీతను చదవడం
ఎవరో యంత్రానికి నేర్పారు.
ఇక ఆ నాలుగు వరసలతో పనిలేదు,
నా చేత్తోనే తీసేశాను.
తీసేముందు ఇర్మెలిని పిలిచాను.
కుర్చీ లాక్కుని కూర్చుని
మాహ్తె అని గీతతో సహా రాసింది, నొక్కింది.
ఏమీ కాలేదు.
ఎరుపు లేదు, ఒక్క ముక్క లేదు,
తర్వాతి పేజీ తెరుచుకుంది, అంతే.

కాసేపు దాన్నే చూసి
చల్లారిన కాఫీ తాగేసి
తన జాబితాలోకి వెళ్ళింది.
ఇంకా రెండువందల పదమూడు.
మొదటిది: "చెల్లని తేదీ."
"ఎవరిదో పాపం," అంది,
పెన్సిల్ కోసం వెతుక్కుంటూ.