మొదల్నే మనె

బొమ్మనహళ్లి సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో
టోకెన్ నలభై మూడు.
స్టాంపు డ్యూటీ తగ్గాలంటే
ఇంకెక్కడా ఇల్లు లేదని రాసివ్వాలంట.

లేనితనానికీ ఒక రాయితీ ఉంటుందని
కదిరిలో బస్సెక్కిన్నాడు ఎవరూ చెప్పలేదు.

పదకొండేళ్లు, ఏడు అద్దె గదులు.
ఒకదాంట్లో ఓనరమ్మ
గోడకి మేకు కొట్టనియ్యలేదు.
క్యాలెండరు రెండేళ్లూ
బియ్యం డబ్బా మీదే పడుకుంది.

గుమాస్తా తలెత్తకుండా అడిగాడు:
"ఇదు మొదల్నే మనెనా?"

మనె అంటే ఇల్లని నాకెప్పుడో తెలుసు.
అయినా ఈ పాడు చెవి
"మన" అనే వింది.
"హౌదు సార్" అనడానికి
కాస్త ఆలస్యమైంది.

బయటికొచ్చాక,
తగ్గిన డబ్బుతో ఏం కొందామంటే
ఓబులమ్మ నవ్వకుండా చెప్పింది:
"మేకులు.
పావుకిలో."