సొట్ట

కాశీనగరంలో మా కొట్టుకి బోర్డు లేదు.
బాల్చీలు వేలాడతాయి, గరాటాలు వేలాడతాయి,
దారినపోయే వాళ్ళకి అదే బోర్డు.
ఒడియాలో బేరమాడతారు, తెలుగులో తిడతారు,
రేకుకి రెండూ ఒకటే.

ఒకప్పుడు నూనె డబ్బాలు కోసి
గొల్లవీధికి తప్పెటలు చేసేవాణ్ణి.
అంచు మడవాలి, లేకుంటే చర్మం కోస్తుంది.
డబ్బా మీది బొమ్మ, ఏ కంపెనీదో నెమలి,
నాలుగేళ్ళు ఆడితే గానీ చెరిగేది కాదు.

వాన మొహం చాటేసిన ఏడు
దాలప్పడి జట్టు వంశధార ఇసకలో రాత్రంతా గెంతేది.
గంగమ్మని పిలిచేవాళ్ళు, తిట్టేవాళ్ళు, మళ్ళీ బతిమాలేవాళ్ళు.
తెల్లారేసరికి రొమ్ముల మీద
గుండ్రంగా కమిలిన మచ్చలు.

దాలప్పడు పోయినప్పుడు
తప్పెటని కూడా చితి మీదే పెట్టారు.
రేకు కాలదు కదా.
బూడిదలోంచి ఏరి, ఏం చెయ్యాలో తెలీక
చూరులో దోపారు.

మొన్న చైత్రంలో వాడి మనవరాలొచ్చింది, పోలమ్మ.
భువనేశ్వరంలో నాట్యం నేర్చుకుంది.
ఏ నాట్యమే అంటే
"పేరు నేదు మావా, ఇప్పటిది" అంది.
పోస్టరు మీద ఒడియా గుండ్రటి అక్షరాల్లో
పౌలోమి అని ఉంది,
గ్రామదేవత కోటు తొడుక్కున్నట్టు.

సంచీలోంచి తాత తప్పెట తీసింది.
మంటకి నీలం తిరిగింది. ఎడమ పక్కన సొట్ట.
ముప్పై ఏళ్ళు ఒకే అరచెయ్యి
ఒకే చోట పడితే వచ్చిన గుంట.
"ఇలాటిదే కావాల, సొట్టతో సహా.
తాతది నా రొమ్ముకి కూకోదు" అంది,
బాల్చీ కొలత చెప్పినట్టు.
నేనే నేల చూశాను.
ఆడది తప్పెట కట్టడం మా వీధిలో ఎవరూ చూడలేదు.
వద్దన్నవాడెవడో మాత్రం
ఎవరికీ గుర్తులేదు.

ఇసక మూట మీద పెట్టి, కొయ్యసుత్తితో
సొట్ట దింపాను.
చూపుకి సరిపోయింది.
కొడితే గిన్నె మోగింది.
పోలమ్మ కళ్ళు మూసుకుని మూడుసార్లు విన్నది,
ఫోన్లో రికార్డు చేసుకుని మళ్ళీ విన్నది,
తల అడ్డంగా ఊపింది.
ఇంకో రేకు. మళ్ళీ గిన్నె.
నలభై ఏళ్ళుగా సొట్టలు తీసినవాణ్ణి,
పెట్టడం నాకు రాలేదు.

ఆట పర్లాకిమిడిలో.
మూతపడ్డ బియ్యం మిల్లు, ఊక వాసన, రెండు దీపాలు.
గొల్లవీధి ముసలాళ్ళు ట్రాక్టరెక్కి వచ్చారు,
ఒకరిద్దరు గజ్జెలు కూడా తెచ్చుకున్నారు, దేనికో.
పోలమ్మ నల్ల బనీనుతో వచ్చింది.
మెడలో తాడుంది,
తాడుకి ఏమీ లేదు.

గెంతు దాలప్పడిదే, మడమ ముందు, వేళ్ళు తర్వాత.
కానీ నీళ్ళడుగున నడుస్తున్నంత నెమ్మది.
చేతులు లేస్తాయి,
రొమ్ముకి అంగుళం ఇవతల ఆగిపోతాయి.
మళ్ళీ లేస్తాయి. ఆగుతాయి.
పైకప్పులో పావురం కదిలితే వినబడింది.
ఎంతసేపో.
వెనక బెంచీలోంచి సన్నాసప్పడు లేచి
"కొట్టవేటే గుంటా! కొట్టు!" అని అరిచాడు.
ఎవరూ నవ్వలేదు.

కొట్టింది.
ఎముక మీద అరచెయ్యి.
ఆ చప్పుడు గిన్నెది కాదు.

మర్నాడు బస్సు కిటికీ దగ్గర అడిగాను,
"నీ ఆటకి వానొస్తాదేటే?"
"తెలీదు మావా, మోకాళ్ళు మాత్రం నొప్పెడతాయి."
రెండు రేకులకీ డబ్బులిచ్చింది,
పట్టుకెళ్ళలేదు.
వాన రాలేదు. ఆ వారమూ, పై వారమూ.

రెండూ గరాటాల పక్కన వేలాడుతున్నాయి.
గాబు మీదకి మూత కావాలని ఒకడడిగాడు,
అమ్మకానికి కావన్నాను, ఎందుకన్నానో.
రాత్రి కరెంటు పోయినప్పుడు
కొట్టు తలుపు దగ్గరకేసి
ఒకటి మెడలో వేసుకున్నాను.
చల్లగా ఉంది. కాసేపటికి లేదు.
ఎడమ చేత్తో, మెల్లగా, ఒక్కసారి.

లోపల్నించి మా ఆవిడ
"ఎవరొచ్చేరు?" అంది.