జోడు

నయీంనగర్ సందుల, టైలర్ దుకాణం మీద
పది బై పన్నెండు గది మాది.
గోనెసంచిల చుట్టిన క్యాబినెట్ భుజాన మోసుకుంట
మెట్లెక్కిన పిలగాడు
నన్ను చూసి, నా వెనకాల గోడను చూసి
"అన్న లేడా అక్కా?" అన్నడు.
బ్యాంకుకు పోయిండు, ఏందో చెప్పు అన్న.
స్క్రూడ్రైవర్ నా చేతులనే ఉంది.

వాని వెనక వాళ్లమ్మ, సులోచనమ్మ.
బిందెను ఎత్తుకున్నట్టు నడుం మీద
కార్డు వచ్చిన ఖాళీ డబ్బా.
మీద మూడు పంకల బొమ్మ.
"చిట్టి ఎత్తి కొనిచ్చిన బిడ్డా,
అయినా ఆట ఆగాగి నడుస్తది.
నకిలీది అంటగట్టిన్రా ఏందో చూడు."

మూత విప్పిన.
తొమ్మిదేండ్ల కిందటి ప్రాసెసర్,
ఎండి పెచ్చులైన పేస్టు,
పంక రెక్కల సందుల తెల్లటి నూలు నుసి.
మగ్గం ఉన్న ఇంట్ల పెరిగిన కంప్యూటర్.

దులిపి, తుడిచి, ఆట పెట్టి
తెర మూలకు లెక్కలు తెరిచిన.
ప్రాసెసర్: నూటికి నూరు.
కార్డు: నలభై ఒకటి.

నకిలీ కాదమ్మా, కార్డు అసలుదే.
గోడ ఎటు కూలాల్నో, దుష్మన్ ఏ మూల నక్కిండో
ముందుగాల లెక్క కట్టేది ఈ చిన్నది.
అది చెప్పినంకనే ఆ పెద్దది బొమ్మ గీస్తది.
చిన్నదానికి ఊపిరాడుత లేదు,
పెద్దది కుంచె పట్టుకొని ఊకెనే కూసుంటున్నది.

"ఇంకా పెద్ద తెర కొంటే?" అన్నడు పిలగాడు.
తెలివైనోడే.
కొంటె కార్డుకు పని దొరుకుతది తమ్మీ,
ఈ లెక్కల అంకె పెరుగుతది.
ఆట మాత్రం గిట్లనే కుంటుతది.

సులోచనమ్మ డబ్బా కింద పెట్టింది.
"పెద్ద జంపఖానా నేసేటప్పుడు
మగ్గం ముంగట ఇద్దరం కూసుంటం.
నా చెయ్యి జోరు. పోశవ్వది నిదానం.
నా దిక్కు జానెడు ముందుకు నేస్తె ఏమొస్తది?
పోగు ఆ అంచుదాంక పోవాలె కదా.
పంజ పట్టుకొని ఆమె దిక్కు చూసుకుంట కూసునుడే.
కూలి గజం లెక్కన ఇస్తరు,
చెయ్యి లెక్కన ఇయ్యరు."

ఆరేండ్ల సంది వచ్చినోళ్లందరికి
సీసా మెడ అని, సన్నటి మోరి అని
ఎన్ని తీర్ల చెప్పిన్నో.
ఒక్కసారి సుత గిట్ల చెప్పరాలే నాకు.

కార్డు వాపసిచ్చి రెండు పంకలది తీసుకో,
మిగిలిన పైసలల్ల నడిమి తరం ప్రాసెసర్, బోర్డు వస్తయి,
రెండిటికి జోడు కుదురుతది అన్న.
పిలగాడు కార్డు మీద చెయ్యేసిండు.
తియ్యలే.
దోస్తులందరికి ఫొటోలు పంపిండంట.

"మరి పోశవ్వను మార్చినవా అమ్మా?"

"మార్చుడేంది? నేనే చెయ్యి తగ్గించుకున్న.
వంకర పోయింది.
నడుం నొప్పి సుత."

ఆ మాట వట్టుకొని
సెకనుకు నలభై అయిదు బొమ్మల కాడ గొళ్లెం పెట్టిన.
అరవై ఉరికి, ఇరవైకి కూలి, మళ్ల ఉరికే ఆట
ఒక్క తీరుగ నడవబట్టింది.
కార్డు ముప్పై మూడుకు దిగింది, పాపం, ఇంకింత ఖాళీ.
ప్రాసెసర్ ఎనభై ఎనిమిది.
దానికి జర ఊపిరొచ్చింది.

గిది మందు కాదు తమ్మీ, ఓర్పు.
మళ్ల చిట్టి ఎత్తినప్పుడు ప్రాసెసర్ మార్చుకో.
అప్పటికి కొత్త ఆట ఒకటి వస్తది,
తూకం ఇంకో దిక్కు ఒరుగుతది.
గది వేరే సంగతి.

రెండు వందలిచ్చిన్రు.
పిలగాడు క్యాబినెట్ భుజానికెత్తుకొని
"అన్నకు థ్యాంక్స్ చెప్పు అక్కా" అనుకుంట దిగిండు.

ఆమె మూడో మెట్టు కాడ ఆగింది.
నా గోర్ల సందుల ఇరికిన నూలు నుసిని చూసింది.
"పొద్దంత నువ్వొక్కదానివే కూసుంటవా బిడ్డా ఈడ?"

కింద కుట్టుమిషన్ ఆగి, మళ్ల నడిచింది.